కూలెంట్ వేడిగా ఉందన్నది సాకు కాదేమో తమ్ముడూ

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, డిప్లొమా మెకానికల్ చేశాను. జీడిమెట్లలో ఒక మెషిన్ షాపులో ఏడాదిన్నరగా షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని. టూవీలర్లకి వెళ్లే అల్యూమినియం హౌసింగులు చేస్తాం. బోర్, అంటే లోపలి రంధ్రం, 52 మిల్లీమీటర్లు, టాలరెన్స్ (అనుమతించే తేడా) సున్నా నుంచి ప్లస్ 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మార్చి నుంచి సెకండ్ షిఫ్ట్‌లో తీసిన పీసులు రోజుకి 40, 50 దాకా మర్నాడు క్యూసీ (నాణ్యత తనిఖీ)లో రిజెక్ట్ అయి పోతున్నాయి, కనీస సైజు చూసే గో గేజ్ బోర్‌లో దూరడం లేదు. ఆపరేటర్ షీట్‌లో మాత్రం అన్నీ ఓకే అని ఉంటాయి. ఆయనకి 22 ఏళ్ల సర్వీసు, నన్ను లెక్కచెయ్యడు, అడిగితే కూలెంట్ (కోసేటప్పుడు చల్లబరచడానికి పోసే ద్రవం) వేడిగా ఉందని ఏదో ఒక సాకు చెప్తాడు. కొలవకుండానే రీడింగులు రాస్తున్నాడని నా అనుమానం. మేనేజర్ ‘బాధ్యుడెవరో పేరు ఇవ్వు’ అంటే ఇచ్చాను, మెమో వెళ్లింది. అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడడం మానేశాడు, మిగతావాళ్లూ ముభావంగా ఉన్నారు. నాతోపాటే చేరిన క్యూసీ ఇంజనీర్ రోజూ రెడ్ బిన్ (రిజెక్ట్ పీసుల డబ్బా) ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. మొన్న కోపమొచ్చి ‘ముందు మీ గేజ్ చూసుకోండి’ అని గ్రూపులోనే రాశాను, ఇప్పుడు ఆమె కూడా మాట్లాడదు. రిజెక్షన్ మాత్రం అలాగే ఉంది. ఉద్యోగం మారిపోదామా అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు:

ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఒక్క చోటే ఆగాను. ‘కూలెంట్ వేడిగా ఉందని ఏదో ఒక సాకు చెప్తాడు’ అని రాశావు చూడు, అక్కడ. నువ్వు ఆయన మీద ఫిర్యాదుగా రాశావు గానీ, నీకు ఆయన జవాబు ఎప్పుడో చెప్పేశాడేమోనని నా అనుమానం.

లెక్క వేసి చూడు. అల్యూమినియం ఒక మీటరు పొడవుకి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది, స్టీలు అందులో సగం, పదకొండు పన్నెండు. బోర్ 52 మిల్లీమీటర్లు కాబట్టి పీసు గేజ్ కంటే 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకుంటే తేడా 18 మైక్రాన్లు. నీ టాలరెన్స్ మొత్తం 30. అంటే సగానికి పైగా వేడే మింగేస్తోంది. ఇంకో మాట, వేడెక్కితే చుట్టూ ఉన్న లోహం ఉబ్బి బోర్ మూసుకుపోతుందని అనుకునేవాళ్లు ఇంజనీర్లలో కూడా ఉన్నారు. మూసుకుపోదు, పెద్దదవుతుంది. మన ఊళ్లలో బండి చక్రానికి ఇనప పట్టా ఎలా వేసేవాళ్లో చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు: ఎర్రగా కాల్చి, సాగిన పట్టాని చక్రం మీద దింపి, నీళ్లు కొడితే చల్లారి బిగుసుకునేది.

ఇప్పుడు ఆ పెద్దాయన మెషిన్ దగ్గర నిలబడి చూడు. ఏప్రిల్ మధ్యాహ్నం, రేకుల షెడ్డు, పొద్దున్నుంచి తిరిగిన కూలెంట్. పీసు తీసి, గాలి కొట్టి, వెంటనే బోర్ గేజ్ పెట్టాడు. 52.026 చూపించింది. పై లిమిట్‌కి నాలుగు మైక్రాన్లే మిగిలింది. అనుభవం ఉన్న ఆపరేటర్ ఎవరైనా ఇక్కడ కిందికే జరుగుతాడు, ఎందుకంటే ఓవర్‌సైజ్ అయితే స్క్రాప్, అండర్‌సైజ్ అయితే మళ్లీ ఓ కోత వేసి బతికించుకోవచ్చు. ఆఫ్‌సెట్‌లో (టూల్ ఎంత కొయ్యాలో చెప్పే మెషిన్ సెట్టింగ్) 12 మైక్రాన్లు తగ్గించాడు. తర్వాతి పీసు 52.014 వచ్చింది, దాదాపు మధ్యలో. షీట్‌లో రాశాడు, ఓకే కొట్టాడు. రాత్రికి పీసు చల్లారింది. 18 తీసేస్తే 51.996. పొద్దున క్యూసీలో గో దూరలేదు. డ్రాయింగ్ మీద కొలతలు వేరే చెప్పకపోతే 20 డిగ్రీల దగ్గరివే, మీ క్యూసీ రూములో ఏసీ ఆ దరిదాపుల్లో ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది, గేజ్ సెట్ చేసే మాస్టర్ రింగ్ స్టీలుది, పీసు అల్యూమినియంది కదా, రెండూ ఒకేలా ముడుచుకోవు.

అంటే ఆయన షీట్ నిజమే కావచ్చు, ఆమె రెడ్ బిన్ కూడా నిజమే కావచ్చు. మధ్యలో అబద్ధం ఆడింది టెంపరేచర్. సెకండ్ షిఫ్ట్ పీసులే పోతున్నాయన్నావు, ఎండలు ముదిరే మార్చిలో మొదలైందన్నావు, ఇవి రెండూ మనిషి వైపు కంటే వేడి వైపే చూపిస్తున్నాయి. ఆయన నెగ్లిజెన్స్ సరిగ్గా మార్చి నెలలో, రోజూ మధ్యాహ్నం రెండు దాటాకే ఎందుకు మొదలవుతుంది చెప్పు?

ఖాయంగా ఇదేనని నేను అనడం లేదు. ఇక్కడ కూర్చుని నీ మెషిన్ చూడలేను. కానీ నువ్వు ఒక్క సాయంత్రంలో తేల్చెయ్యొచ్చు, ఖర్చు కూడా లేదు. సెకండ్ షిఫ్ట్‌లో వరసగా పది పీసులు తీసుకో, మార్కర్‌తో మెషినింగ్ లేని వైపు ఒకటి నుంచి పది దాకా నెంబర్లు వెయ్యి. మెషిన్ నుంచి దిగిన వెంటనే కొలిచి రాయి, పక్కనే పీసు టెంపరేచర్ కూడా రాయి. తుపాకీలా ఉండే థర్మామీటర్ మెరిసే అల్యూమినియం మీద తప్పు చూపిస్తుంది, చాలా తక్కువ చెప్తుంది. పీసు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొట్టు, లేదా తగిలించి చూసే రకం వాడు. తర్వాత అవే పది పీసుల్నీ, మాస్టర్ రింగ్‌నీ, గేజ్‌నీ కలిపి క్యూసీ రూములో రెండు మూడు గంటలు ఉంచి మళ్లీ కొలవండి. మర్నాడు పొద్దున ఫస్ట్ షిఫ్ట్ పీసులు పది తీసుకుని ఇదే చెయ్యి.

ఈ పని నువ్వొక్కడివీ చెయ్యకు, అది ముఖ్యం. కొలిచేది ఆయన. రెండోసారి కొలిచేది ఆయనా, క్యూసీ ఇంజనీరూ, ఒకరి రీడింగ్ ఇంకొకరు చూడకుండా. నువ్వు రాసుకునే గుమస్తావి, అంతే. ఇద్దరి చేతుల మధ్య తేడా ఎంత వస్తుందో కూడా అక్కడే బయటపడుతుంది, మూడు నాలుగు మైక్రాన్లు వచ్చినా ఆశ్చర్యపోకు.

కానీ మెమో అందుకున్న మనిషి దగ్గరికి వెళ్లి ‘అన్నా, రా కొలుద్దాం’ అంటే వస్తాడా అంటావు. రాడు. ముందు ఆ సంగతి చూడాలి.

నా కథ ఒకటి చెప్తాను, గొప్పగా చెప్పుకునేది కాదు. బాలానగర్‌లో ఒక చిన్న టూల్ రూములో కొత్తగా సూపర్‌వైజర్ అయిన రోజులు. గ్రైండింగ్ చేసే ఒక పెద్దమనిషి తీసిన పిన్నులు వరసగా తిరిగొచ్చాయి. నేనూ నీలాగే షీటు చూశాను, అన్నీ ఓకే. అందరి ముందూ ‘కళ్లు కనపడకపోతే చెప్పు, వేరే పని ఇస్తాం’ అనేశాను. ఆయన ఏం మాట్లాడలేదు. సంగతేమిటంటే, వారం క్రితం ఆ సెక్షన్ మైక్రోమీటర్ నా చేతిలోంచి జారి సిమెంట్ నేల మీద పడింది. ఎవరూ చూడలేదు కదా అని తుడిచి డబ్బాలో పెట్టేశాను. ఆ షాపులో ఇన్‌స్ట్రుమెంట్ పాడైతే జీతంలో కోసేవాళ్లు, నాకప్పటికి పెళ్లై మూడు నెలలు. కేలిబ్రేషన్‌కి పంపిన రోజు దాని సంగతి తేలింది, ఎవరు పడేశారని అడిగితే అందరిలాగే నేనూ తల అడ్డంగా ఊపాను. ఆ పెద్దమనిషి రిటైరై వెళ్లిపోయేదాకా చెప్పలేకపోయాను. ఆయన కళ్లజోడు మార్పించుకుని వచ్చాడు, అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఎందుకు చెప్తున్నానంటే, తప్పు బయటపడితే పేరు అడిగే షాపులో గేజ్ కింద పడితే ఎవడూ చెప్పడు, ఇన్‌సర్ట్ (కోసే బిళ్ల) అంచు రాలితే చెప్పడు, అనుమానంగా ఉన్న పీసు బిన్ అడుక్కి వెళ్తుంది. నువ్వు ఇప్పించిన మెమో ఆ ఒక్కడికే చేరలేదు, షాపులో ఇరవై మందీ చదివారు. ముభావంగా ఉన్నారన్నావే, అది నీ మీద కోపం కాదు, భయం. కోపమైతే నయం, రెండు మాటలనేసి ఊరుకుంటారు. భయపడ్డవాడు నీకు ఏదీ చెప్పడు.

కాబట్టి రేపు ఆయన దగ్గరికి వెళ్లు. షిఫ్ట్ మొదలయ్యే హడావుడిలో కాదు, అలాగని క్యాబిన్‌కి పిలిపించీ కాదు, క్యాబిన్‌కి పిలిస్తే ఇంకో మెమో అనుకుంటాడు. టీ టైములో, ఆయన నిలబడే చోటుకి నువ్వే వెళ్లు. చుట్టూ తిప్పకుండా ‘అన్నా, మెమో విషయంలో తొందరపడ్డాను. మీరు కూలెంట్ గురించి చెప్తే నేను వినలేదు. అది చూద్దామని వచ్చాను’ అని చెప్పు. అంతకు మించి ఒక్క ముక్క వద్దు. ‘మేనేజర్ ఒత్తిడి చేశారు కాబట్టి’ అని మొదలుపెట్టావా, మొత్తం పోతుంది. ఆయన ‘ఇప్పుడు యాదికొచ్చిందా సార్’ అంటాడు. అననీ. ఇంకో రెండు మాటలు కూడా అనొచ్చు, 22 ఏళ్లలో వచ్చిన మొదటి మెమో అయితే ఇంట్లో కూడా చెప్పుకుని ఉండడు. నిలబడి విను, జవాబు చెప్పకు.

నోటిమాటతో మాత్రం సరిపెట్టకు. మెమో కాగితం మీద ఇచ్చారు, ఫైల్లో ఉంటుంది, ఇంక్రిమెంట్ అప్పుడు ఎవరో ఒకరు తిరగేస్తారు. కొలతల్లో వేడి సంగతి తేలితే ఆ కాగితాలు పట్టుకుని హెచ్ఆర్ దగ్గరికి వెళ్లి, మెమో వెనక్కి తీసుకుంటున్నామని రాతపూర్వకంగా ఇప్పించి, ఒక కాపీ ఆయన చేతిలో పెట్టు. ఇది చేస్తే నువ్వు చిన్నబోతావని నీకు అనిపిస్తుంది, మేనేజర్ కూడా అదే అంటాడు. షాప్ ఫ్లోర్ మీద లెక్క వేరేగా ఉంటుంది, మెమో ఇచ్చిన ఇన్‌చార్జ్‌లని వాళ్లు డజన్ల కొద్దీ చూశారు, వెనక్కి తీసుకున్నవాణ్ణి చూసి ఉండరు.

మనుషులతో మంచిగా ఉండడమంటే బర్త్‌డే కేకు కొయ్యడం, భుజం మీద చెయ్యి వేసి ‘ఏమన్నా, అంతా ఓకేనా’ అనడం అనుకుంటారు కొత్తగా వచ్చే ఇన్‌చార్జ్‌లు. కేకు తింటారు, ఎవరు వద్దంటారు. కానీ ఆపరేటర్ అడిగే కూలెంట్ ట్యాంకు క్లీనింగ్ లాంటిది చేయించావా లేదా అన్నదే ఆయన చూస్తాడు. ట్యాంకు తెరిచి చూడు. అల్యూమినియం చిప్స్ అడుగున పేరుకుని సగం ట్యాంకు అవే ఉంటాయి చాలా షాపుల్లో. కూలెంట్ తక్కువుంటే త్వరగా వేడెక్కుతుంది, అంతే కదా. టాప్ అప్ ఎవరు చేస్తున్నారో కనుక్కో. పొద్దున ఫస్ట్ షిఫ్ట్ హెల్పర్ పోసి వెళ్లిపోతే, మధ్యాహ్నానికి ఆవిరై, చిప్స్‌తో కొట్టుకుపోయి, సెకండ్ షిఫ్ట్‌వాడి నెత్తిన పడుతుంది. అలాంటప్పుడు ఒకటీ ముప్పావుకి ఇంకోసారి పోయిస్తే చాలు, అది కూడా ఉత్త నీళ్లు కాకుండా కూలెంట్ కలిపింది, పాళ్లు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసి. హెల్పర్ ఒడిశా కుర్రాడో బీహార్ కుర్రాడో అయితే తెలుగులో రాసిన చార్టు గోడకి అంటించి చేతులు దులుపుకోకు, ట్యాంకు మీద ఎర్ర పెయింట్‌తో గీత గీయించు. గీత చదవడానికి ఏ భాషా రానక్కర్లేదు.

ఇక కొలిచే పద్ధతి. పీసుల్ని దళసరి ఇనప ప్లేటు మీద పెట్టి ఓ పావుగంట చల్లారనిచ్చి కొలవడం ఒక దారి. ఒక పీసు చేసే సైకిల్ నాలుగు నిమిషాలైతే రీడింగ్ వచ్చేసరికి ఇంకో నాలుగు పీసులు బయటికి వచ్చేస్తాయి, అదొక ఇబ్బంది, దాన్ని మేనేజర్ ఒప్పుకోవాలి. లేదా మీ పది పీసుల లెక్కతో ఎంత వేడికి ఎంత తగ్గించి చదవాలో చిన్న పట్టిక వేసి మెషిన్ మీద అంటించు, ఆ పట్టిక ఆయన చేతే తయారు చేయించు. మాస్టర్ రింగ్‌ని ఏసీ రూములోంచి అప్పుడే తెచ్చి గేజ్ సెట్ చేస్తున్నారేమో అది కూడా చూడు.

మేనేజర్ గురించి. ఆయన పేరు అడగడంలో పెద్ద వింతేం లేదు, ఆయన్ని కస్టమర్ అడుగుతున్నాడు. కస్టమర్‌కి పంపే రిపోర్టులో ‘రూట్ కాజ్: ఆపరేటర్ నెగ్లిజెన్స్, కరెక్టివ్ యాక్షన్: రీట్రైనింగ్ ఇచ్చాం’ అని రాస్తే ఆ రోజుకి గడిచిపోతుంది, నేను కూడా ఎన్ని రాశానో లెక్కలేదు. ఐదుసార్లు ‘ఎందుకు’ అని అడగాలంటారు, మన దగ్గర రెండో ‘ఎందుకు’కే మనిషి పేరు వచ్చేస్తుంది, మిగతా మూడూ ఆడిట్ ముందు రోజు రాత్రి నింపుతాం. నువ్వు ఈసారి ఆయనకి పేరు కాకుండా ఇరవై పీసుల అంకెలు ఇవ్వు: వేడిగా ఇంత, చల్లారాక ఇంత, పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత. మేనేజర్లకి అంకెలంటే ఇష్టం, అది కస్టమర్ ముందు పెట్టుకోవచ్చు.

‘మా వాళ్లు మారరు సార్’ అని నీకు ఎవరైనా చెప్తే అమెరికాలో జరిగింది ఒకటి చెప్పు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కి ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. గొడవలు, గైర్హాజర్లు, నాసిరకం కార్లు, చివరికి 1982లో మూసేశారు. 1984లో టొయోటాతో కలిసి న్యూమ్మీ అని కొత్త పేరుతో మళ్లీ తెరిచారు. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పాత కార్మికులే, యూనియన్ కూడా అదే. కొద్దికాలానికే అమెరికాలో మంచి క్వాలిటీ ఉన్న ప్లాంటుగా పేరొచ్చింది. మారినవి చాలా ఉన్నాయి గానీ ఒకటి చెప్తాను: లైను మీద ఉన్న మనిషికి ఏదైనా తేడాగా కనిపిస్తే తాడు లాగొచ్చు, లీడర్ పరుగెత్తుకొస్తాడు, అప్పటికప్పుడు సరిచెయ్యలేకపోతే లైను ఆగుతుంది. తాడు లాగినందుకు తిట్టరు. మీ పెద్దాయన ‘కూలెంట్ వేడిగా ఉంది’ అన్నప్పుడు లాగింది ఆ తాడునే, రావలసినవాడివి నువ్వు.

అంత దూరం ఎందుకు, మీకు దగ్గర్లోనే రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో 1980 ప్రాంతంలోనే క్వాలిటీ సర్కిళ్లు మొదలుపెట్టారు, మన దేశంలో అవే మొదటివి. మెషిన్ మీద పనిచేసేవాళ్లే నలుగురైదుగురు కూర్చుని తమ సమస్య తామే చూసుకోవడం. తర్వాత చాలా కంపెనీల్లో అది బ్యానరూ ఫోటోలూ పోటీలూ అయిపోయిందనుకో. నీకు బ్యానర్ వద్దు. ఆయనా, ఆ అమ్మాయీ, హెల్పరూ, నువ్వూ, ఆ పది పీసులూ ఉంటే చాలు.

ఆ అమ్మాయి గురించి రెండు మాటలు. రెడ్ బిన్ ఫోటో పెట్టడం ఆమె పని కాకపోవచ్చు గానీ, ‘నేను చెప్పలేదని రేపు నన్ను అంటారు’ అన్న భయం ఆమెకీ ఉంటుంది, అందుకే అందరూ చూసేచోట పెడుతోంది. గ్రూపులో రాసినదానికి సారీ గ్రూపులోనే చెప్పు, ఒక్క లైను చాలు, విడిగా చెప్తే కుదరదు. తర్వాత ఆమె దగ్గరికి నడిచి వెళ్లి, ‘మర్నాడు పొద్దున కాకుండా సాయంత్రం ఆరింటికే ఐదు పీసులు చూసి నాకు ఫోన్ చెయ్యగలరా’ అని అడుగు. ఆమె డ్యూటీ ఎన్నింటిదాకా అన్నది చూసుకుని అడుగు, ఐదింటికి బస్సు ఉన్న మనిషిని ఆరింటిదాకా ఉండమనకు.

ఒకవేళ పది పీసులూ వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా ఒకేలా వచ్చాయనుకో, అప్పుడు నీ అనుమానమే నిజం కావచ్చు. షీటు చూస్తే తెలిసిపోతుంది, నిజంగా కొలిచిన రీడింగులు కాస్త అటూ ఇటూ ఊగుతాయి, కూర్చుని రాసినవి వరసగా 52.015, 52.015 అని బుద్ధిగా ఉంటాయి. అప్పుడు కూడా మెమో కంటే ముందు ఒక్క ప్రశ్న అడుగు, ఆయన చేతిలో ఎన్ని మెషిన్లు ఉన్నాయని. రెండు మెషిన్లు, షిఫ్ట్ టార్గెట్ నిండుగా, వంద శాతం కొలవమన్న రూలు పెట్టి, వాచీ పట్టుకుని ఓ గంట ఆయన పక్కన నిలబడితే అది అయ్యే పనో కాదో నీకే తెలుస్తుంది. అప్పటికీ ఆయనదే తప్పని తేలితే గట్టిగానే మాట్లాడు, దానికి నా అభ్యంతరం లేదు. అందరి ముందూ మాత్రం వద్దు.

ఉద్యోగం మారాలనిపిస్తే మారు, 26 ఏళ్లకి అదేం నేరం కాదు. కాకపోతే ఈ రిజెక్షన్ తేల్చి వెళ్లు. తర్వాతి ఇంటర్వ్యూలో నిన్ను ఏదో ఒకటి అడుగుతారు కదా, ఈ పది పీసుల కథ చెప్పుకోవచ్చు. తేల్చకుండా వెళ్తే కొత్త షాపులో కూడా ఒక పెద్దాయన ఉంటాడు, ఆయన ఇంకేదో వేడిగా ఉందంటాడు.

ఉత్తరంలో ఒకటి రాయలేదు, ఆ మెషిన్ కూలెంట్ ట్యాంకు ఎన్ని లీటర్లది, కూలెంట్‌ని చల్లబరిచే చిల్లర్ ఉందా, ఉంటే పనిచేస్తోందా? కొలతలు తీశాక అంకెలతో పాటు అది కూడా రాసి పంపు.